హెడ్‌ఫోన్ వైరు ఎక్కడ తెగుతుంది?

ధర్మవరం పట్టుచీర అంచు నేసే జరీపోగు ఒకటి తీసుకుని, పురి విప్పి చూడండి. లోపల మెత్తటి పట్టుదారం ఉంటుంది. వెంట్రుక కన్నా సన్నగా సాగదీసి, రేకులా చదును చేసిన వెండి తీగను ఆ దారం చుట్టూ చుట్టి, పైన బంగారు పూత పూస్తారు. చవక రకం జరీలో వెండికి బదులు రాగి, పట్టుకు బదులు నూలో పాలియెస్టరో ఉంటుంది. ఏ రకమైనా సూత్రం ఒకటే. లాగుడును దారం భరిస్తుంది, మెరుపును లోహం ఇస్తుంది. ఒట్టి లోహపు తీగతో నేస్తే ఆ చీర నాలుగు మడతలకే విరుగుతుంది.

టెలిఫోన్లు వచ్చిన కాలంలో ఇంజనీర్లకూ ఇదే చిక్కు ఎదురైంది. రిసీవరు ఎత్తినప్పుడల్లా, దించినప్పుడల్లా వైరు వంగుతుంది. మామూలు రాగి తీగ అన్ని వంపులు తట్టుకోలేదు. చివరికి వాళ్లు కూడా జరీ దారే పట్టారు. పలచటి రాగి రేకును దారానికి చుట్టి, అలాంటి పోగులు కొన్ని కలిపి వైరు చేశారు. దాన్ని టిన్సెల్ తీగ అంటారు. స్పీకరులో అట్టతో పాటు ముందుకూ వెనక్కూ ఊగుతూ కాయిల్‌కు కరెంటు అందించే తీగ ఇప్పటికీ అదే. నేటి మంచి హెడ్‌ఫోన్ వైర్లలో ఎనామిల్ పూత ఉన్న సన్నటి రాగి పోగులను నైలాన్, కెవ్లార్ వంటి నార పోగులతో కలిపి పేనుతారు. రూపం కొంచెం మారినా, లాగుడు నారది, కరెంటు రాగిది అన్న పని విభజన మాత్రం మారలేదు.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం గ్రంథాలయాల్లో పాఠకులకు హెడ్‌ఫోన్లు ఎలాంటివి పెట్టాలన్నది ఈ వ్యాసం విషయం. దుకాణంలో మనకు చెప్పేవి బేస్ గురించి, బ్రాండ్ గురించి. పదిమంది చేతులు మారే వస్తువుకు అవి రెండూ ముఖ్యం కావు. వైరు ఎక్కడ వంగుతుంది, తెగితే అతికించగలమా, వినేవారి చెవి భద్రమేనా అన్నవే అసలు ప్రశ్నలు.

గ్రంథాలయంలో వినే పనేమిటని కొందరికి అనిపించవచ్చు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం పుట్టినప్పటి నుంచీ మన గ్రంథాలయోద్యమం చదువురానివారిని వదిలిపెట్టి నడవలేదు. మన సీమవాడే, కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయాలనూ వయోజన విద్యనూ జోడెడ్లుగా నడిపించాడు. పత్రిక చదివి వినిపించడం, పుస్తకం చదివి వినిపించడం ఆనాటి పఠన మందిరాలకు కొత్త కాదు. ఇప్పుడు వినే అవసరం ఇంకా పెరిగింది. గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబుల్ ఉద్యోగానికో తయారయ్యే పిల్లలు పొద్దున్నే వచ్చి గ్రంథాలయం బల్లల మీద కూర్చుంటారు. వాళ్ల పాఠాల్లో సగం ఫోనులో వీడియోలే. చూపు తగ్గిన పెద్దవాళ్లకు చిన్న అచ్చు కన్నా చదివి వినిపించే గొంతు సుఖం.

అందరికన్నా ముందు చెప్పుకోవలసింది చూపులేని పాఠకుల గురించి. అనంతపురం కేంద్రంగా 1969 నుంచి పనిచేస్తున్న ఆర్‌డీటీ అనే స్వచ్ఛంద సంస్థ చూపులేని పిల్లల కోసం బడులు నడుపుతోంది. ఆ పిల్లలు బడి దాటి బయటికి వచ్చాక ఊరి గ్రంథాలయం వాళ్లకు ఏమిస్తుంది? ఇవ్వడానికి చాలానే ఉంది. అచ్చు చదవలేనివారి కోసం పుస్తకాలను వినే రూపంలోకి మార్చుకునే వీలు కల్పించిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. కంప్యూటరు తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్‌ను చూపులేని ఆస్ట్రేలియా యువకుడు మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టాడు. పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. ఒప్పందం ఉంది, పుస్తకాలు ఉన్నాయి, సాఫ్ట్‌వేర్ ఉచితం. ఇవన్నీ ఉండి, చెవికి పెట్టుకునే వస్తువు చెడిపోయి మూల పడితే చూపులేని పాఠకుడికి ఆ కంప్యూటరు మూగది. అందుకే హెడ్‌ఫోన్‌ను గ్రంథాలయంలో అదనపు సరుకుగా కాక కుర్చీ, దీపం వంటి సామానుగానే లెక్కపెట్టాలి.

వంపులో దాగిన లెక్క

వైరు ఎందుకు తెగుతుందో చెప్పే సూత్రం చాలా చిన్నది. తీగను వంచినప్పుడు వంపు బయటి అంచు సాగుతుంది, లోపలి అంచు నొక్కుకుపోతుంది. ఎంత సాగుతుందంటే, తీగ మందంలో సగాన్ని వంపు వ్యాసార్ధంతో భాగించినంత. అర మిల్లీమీటరు మందమున్న ఒంటి రాగి తీగను 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంలో వంచితే బయటి అంచు 5 శాతం సాగుతుంది. రాగికి అది పెద్ద దెబ్బ. వంచి, మళ్లీ చక్కచేసి, మళ్లీ వంచితే లోహం గట్టిపడి, పెళుసెక్కి, సన్నటి పగులు పడుతుంది. అదే వంపులో 0.05 మిల్లీమీటర్ల పోగు సాగేది అర శాతమే. సాగుడు సగానికి తగ్గితే తీగ తట్టుకునే వంపుల సంఖ్య స్థూలంగా నాలుగు రెట్లు పెరుగుతుంది. అంటే పోగులు సన్నబడేకొద్దీ వైరు ఆయుష్షు అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుందన్నమాట.

ఈ సూత్రంలో రెండో సగం మన చేతిలోనే ఉంది. వంపు వ్యాసార్ధం పెద్దదైతే సాగుడు తగ్గుతుంది. వైరును ఫోను చుట్టూ బిగించి చుట్టినప్పుడు అంచుల దగ్గర వంపు మరీ చిన్నదై రాగి నలుగుతుంది. అదే వైరును అరచేతి వెడల్పున వదులుగా చుట్ట చుట్టి కొక్కేనికి తగిలిస్తే సాగుడు దాదాపు లెక్కలోకి రాదు. పట్టుచీరను అప్పుడప్పుడు మడత మార్చి పెట్టమని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేదానికి కారణం కూడా ఒకేచోట పదేపదే పడే ఈ ఒత్తిడే.

హెడ్‌ఫోన్ వైరులో అలాంటి "ఒకేచోటు" ఎక్కడుంటుంది? గట్టి భాగం ముగిసి మెత్తటి భాగం మొదలయ్యేచోట. అంటే పిన్ను మెడ దగ్గర, చెవి గిన్నెలోకి వైరు దూరేచోట. నడిమధ్యలో తెగిన వైరు అరుదు. పిన్ను మెడకు గాట్లున్న రబ్బరు తొడుగు పెట్టేది అందాని కోసం అనుకుంటాం కానీ, వంపును ఒక్క బిందువు దగ్గర కాకుండా రెండు మూడు సెంటీమీటర్ల పొడవునా పంచడం దాని పని. ఆ తొడుగు పొడుగ్గా, మెత్తగా ఉన్న హెడ్‌ఫోన్ కొనండి. పొట్టిగా, రాయిలా ఉంటే వద్దు. వైరు మీద అల్లిన నైలాన్ గొట్టం చూసి మాత్రం మోసపోవద్దు. అది పైపొర రాపిడిని ఆపుతుంది, లోపలి రాగి అలసటను ఆపలేదు.

పైన ప్లాస్టిక్ చెక్కుచెదరకుండా ఉండి లోపల రాగి తెగడమే ఈ వస్తువుతో వచ్చే చికాకు. పట్టుకుంటే వస్తుంది, వదిలితే పోతుంది. అయితే వినబడే తీరును బట్టి ఏ తీగ తెగిందో చెప్పవచ్చు. పిన్ను మీద నల్లటి గీతలు విడదీసిన మూడు భాగాలుంటాయి. కొన ఎడమ చెవిది, నడిమి ఉంగరం కుడి చెవిది, మొదలు రెండు చెవులకూ ఉమ్మడిగా కరెంటు తిరిగి వెళ్లే దారి. మైకున్న వాటికి నాలుగో భాగం కూడా ఉంటుంది. ఒక చెవి మూగబోతే ఆ చెవి తీగ తెగినట్టు. రెండు చెవుల్లోనూ సంగీతం లోతు లేకుండా వస్తూ పాడేవారి గొంతు మాత్రం మాయమైతే తెగింది ఉమ్మడి తీగ. అప్పుడు మనకు వినిపించేది ఎడమ కుడి శబ్దాల మధ్య తేడా ఒక్కటే. రెండు వైపులా సమానంగా రికార్డు చేసిన గొంతు ఆ తేడాలో సున్నా అయిపోతుంది. మాటలే ఉండే పాఠాల్లోనైతే అసలేమీ వినపడదు. హెడ్‌ఫోన్ పూర్తిగా చచ్చిపోయిందని పారేసేవాటిలో ఇలాంటివి ఉంటాయి. వాటికి పిన్ను దగ్గర రెండంగుళాల వైరు కత్తిరించి కొత్త పిన్ను అతికిస్తే చాలు.

అతికించడంలో ఒక మెలకువ ఉంది. ఆ సన్నటి రాగి పోగులకు ఎర్రగా, ఆకుపచ్చగా కనిపించే రంగు నిజానికి ఎనామిల్ పూత. అది కరెంటును పారనివ్వదు, సోల్డరును అంటనివ్వదు. మామూలు వైరులా మెలిపెట్టి సోల్డరు పెడితే పైకి అతికినట్టే కనిపిస్తుంది, శబ్దం మాత్రం రాదు. వేడి సోల్డరింగ్ ఐరన్ కొన మీద కొంచెం సోల్డరు కరిగించి, ఆ బొట్టులో పోగు కొనను కొన్ని క్షణాలు ఉంచాలి. పూత కాలి పొగగా పోతుంది, రాగి వెండిలా మెరుస్తుంది. ఆ తర్వాతే అతికించాలి. నార పోగులను ముందే కత్తిరించేయాలి. ఐటీఐ చదివే పిల్లవాడు ఒక మధ్యాహ్నంలో నేర్చుకోగల పని ఇది. పెనుకొండలో కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఎలక్ట్రికల్ పని నేర్చినవారికి ఈ ప్రాంతంలో కొదవ లేదు.

ఇంకా మంచిది, చెవి గిన్నె దగ్గర ఊడదీసి మార్చుకోగల వైరున్న హెడ్‌ఫోన్ కొనడం. లెక్క వేసుకుందాం. నూట యాభై రూపాయల రకం పదిమంది చేతుల్లో రెండు నెలలు వస్తుందనుకుంటే మూడేళ్లకు పద్దెనిమిది కొనాలి. మొత్తం 2,700 రూపాయలు. తొమ్మిది వందలు పెట్టి వైరు మార్చుకునేది కొని, ఏడాదికొకసారి చొప్పున నూట యాభై రూపాయల వైరు రెండుసార్లు మార్చినా 1,200తో సరిపోతుంది. ధరలు ఊరిని బట్టి, కాలాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి. మొగ్గు మాత్రం ఇటే ఉంటుంది. బ్లూటూత్ రకాలకు వైరు గొడవ లేదు కానీ, కొన్ని వందలసార్లు చార్జింగు అయ్యాక వాటి బ్యాటరీ నీరసిస్తుంది. పైగా ఒక గదిలో పదిమంది జతచేసుకుంటే ఎవరి పాఠం ఎవరి చెవిలో పడుతుందో తెలియదు. గ్రంథాలయానికి వైరున్నదే మేలు.

కంప్యూటరు సాకెట్టు మాటా చెప్పాలి. హెడ్‌ఫోన్ పోతే వందల్లో పోతుంది, బోర్డుకు అతికి ఉన్న సాకెట్టు వదులైతే కంప్యూటరే విప్పాలి. చిన్న పొడిగింపు వైరు ఒకటి సాకెట్టులో శాశ్వతంగా పెట్టి, దాని రెండో కొసను బల్ల అంచుకు ట్యాగుతో బిగించండి. పాఠకులు పిన్ను పెట్టేదీ తీసేదీ అందులోనే. తలకు హెడ్‌ఫోన్ ఉందన్న సంగతి మరిచి ఎవరైనా లేచినా అక్కడే ఊడి వస్తుంది. అరిగిపోయేది ఆ పొడిగింపు వైరే.

మగ్గం చప్పుడు, చెవి లెక్క

మన్నిక కన్నా పెద్ద విషయం చెవి. ధర్మవరంలో చేతిమగ్గాల పక్కనే మరమగ్గాలూ పెరిగాయి. మరమగ్గాల షెడ్డులో శబ్దం 90 డెసిబెల్స్ దాటడం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కు శబ్ద శక్తి రెట్టింపవుతుంది, వినదగిన సమయం సగమవుతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5. ఈ లెక్కన షెడ్డులో పనిచేసేవారికి వారానికి దక్కవలసిన వాటా మొదటి రోజే అయిపోతుంది. అక్కడ పనిచేసే కుర్రాడు సాయంత్రం గ్రంథాలయానికి వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఖాతాలో మిగిలింది ఏమీ ఉండదు. పైగా పెద్ద చప్పుడు మధ్య గడిపిన చెవి కొన్ని గంటలపాటు మొద్దుబారి ఉంటుంది, కాబట్టి అతను వాల్యూమ్ ఇంకా పెంచుతాడు.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒక్కో చెవికి పదిహేను వేలకు అటూ ఇటూ ఉంటాయి. పోయినవి మళ్లీ మొలవవు. ముందుగా పోయేది హెచ్చు పౌనఃపున్యాల శబ్దాల గ్రహింపు. అచ్చుల శక్తి తక్కువ పౌనఃపున్యాల్లో, చాలా హల్లుల గుర్తింపు హెచ్చు పౌనఃపున్యాల్లో ఉంటుంది. అందుకే ఇలాంటి వినికిడి లోపం ఉన్నవారు "నాకు వినపడుతుంది, మాటే తెలియదు" అంటారు. కాలు, తాలు, పాలు మూడూ వాళ్లకు ఒక్కలాగే వినిపిస్తాయి. ఇంట్లోవాళ్లు గట్టిగా అరుస్తారు. అరుపులో ఎక్కువగా పెరిగేది అచ్చే, హల్లు అంతగా పెరగదు.

పఠన మందిరంలో వాల్యూమ్ పెంచడానికి రెండో కారణం చుట్టూ ఉన్న సద్దు. ఫ్యాను, రోడ్డు, హారన్లు. మాట తేలిగ్గా అర్థం కావాలంటే అది చుట్టుపక్కల సద్దు కన్నా పదిహేను డెసిబెల్స్ వరకు పైన ఉండాలి. చెవి మొత్తాన్ని కప్పే, వెనుక మూసి ఉన్న గిన్నెలు బయటి సద్దును లోనికి రానివ్వకుండా కొంత ఆపుతాయి. హారన్లను, మాటలను బాగా, ఫ్యాను గుయ్యిమనే సద్దును కొంచెమే ఆపుతాయి. ఆ మేరకు వాల్యూమ్ తగ్గించి వినవచ్చు, పక్కవారికీ మన పాఠం వినపడదు. చెవిలోపలికి దూర్చే రకాలు పదిమంది వాడే చోట అసలు వద్దు.

వాల్యూమ్‌కు హద్దు పెట్టే ఉపాయం ఒకటుంది, ఖర్చు రెండు మూడు రూపాయలు. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు ఎడమ తీగలో ఒకటి, కుడి తీగలో ఒకటి 100 ఓమ్‌ల రెసిస్టరు పెడితే, 132 వంతుల్లో 32 వంతుల వోల్టేజీ మాత్రమే చెవి దగ్గరికి చేరుతుంది. శబ్దం 12 డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే చెవికి చేరే శక్తి దాదాపు పదిహేడో వంతు. పైన చెప్పిన లెక్కలో ఇది నాలుగు మెట్లు. అదే వాల్యూమ్ దగ్గర వినదగిన సమయం పదహారు రెట్లవుతుంది. ఉమ్మడి తీగలో మాత్రం రెసిస్టరు పెట్టకూడదు, ఎడమ శబ్దం కుడిలోకి, కుడిది ఎడమలోకి కలిసిపోతుంది. పొడిగింపు వైరులోనే ఈ రెసిస్టర్లు పెట్టేస్తే అన్ని హెడ్‌ఫోన్లకూ వర్తిస్తుంది. వినికిడి తగ్గిన పెద్దవాళ్ల కోసం రెసిస్టరు లేని వైరు ఒకటి విడిగా, గుర్తుపెట్టి ఉంచాలి. ఒక చెవే పనిచేసేవారి కోసం విండోస్ సెట్టింగులలో మోనో ఆడియో అనే మీట ఉంది. అది వేస్తే రెండు వైపుల శబ్దమూ ఒకే చెవిలో వస్తుంది. చూపులేని పాఠకులు చాలామంది ఒక చెవిని బయటి ప్రపంచానికి వదిలి రెండో చెవితో వింటారు. గిన్నెను పక్కకు తిప్పుకునే వీలున్నది కొంటే వాళ్లకు సుఖంగా ఉంటుంది.

శుభ్రత గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చెవి మెత్తల మీది నకిలీ తోలు పాలియురెథేన్ పొర. చెమట, తేమ తగిలి తగిలి పొలుసులుగా రాలుతుంది. స్పిరిటుతో తుడిస్తే ఇంకా త్వరగా పెళుసవుతుంది. పలచటి నూలు గుడ్డతో, ఎలాస్టిక్ పెట్టి తొడుగులు కుట్టించండి. పలచటి గుడ్డ శబ్దానికి అడ్డురాదు. హెడ్‌ఫోన్‌తో పాటు తొడుగు ఇవ్వడం, వెళ్లేటప్పుడు తీసుకుని ఉతకడానికి వేయడం గ్రంథపాలకుడికి పెద్ద భారమేమీ కాదు. ఒక్కో తొడుగు కుట్టడానికి దర్జీకి ఎంత సేపు?

గ్రంథాలయాలకు డబ్బు ఎక్కడిదంటే, మనం కట్టే ఆస్తిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతోంది. ఆ డబ్బులో పుస్తకాలకు, పత్రికలకు వాటా ఉన్నట్టే వినే సామగ్రికీ వాటా అడగడం పాఠకుల హక్కు. కొనుగోలు పత్రంలో "హెడ్‌ఫోన్లు" అని ఒక్క మాట రాస్తే వచ్చేది తక్కువ ధర కోట్ చేసిన చవక సరుకే. విడదీసి మార్చుకోగల వైరు, మూసిన గిన్నెలు, పొడుగాటి పిన్ను తొడుగు, విడిగా దొరికే చెవి మెత్తలు, 32 ఓమ్‌లు అని రాయాలి. జతకు రెండు విడి వైర్లు కూడా అందులోనే అడగాలి.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో దాతలు పుస్తకాలు, కుర్చీలు, ఫ్యాన్లు ఇస్తుంటారు. ధర్మవరంలో, పెనుకొండలో, హిందూపురంలో ఉన్నవారు ఈసారి తమ శాఖా గ్రంథాలయానికి నాలుగు మంచి హెడ్‌ఫోన్లు, ఎనిమిది విడి వైర్లు, డజను గుడ్డ తొడుగులు, ఒక సోల్డరింగ్ ఐరన్ ఇవ్వండి. ఇచ్చే ముందు గ్రంథపాలకుడిని అడిగి, అక్కడి కంప్యూటరులో ఎన్‌వీడీఏ వేయించండి. ఆ పనికి అరగంట చాలు.